చీనా సూదివైద్యము: రోగి యెఱిగి పోవలసిన సంగతులు

క్రీ. శ. 1027వ సంవత్సరమున, సోంగ్ వంశీయుడగు రెన్‌జోంగ్ చక్రవర్తి కైఫెంగ్ రాజధానిగా చీనాదేశము నేలుచుండగా, వాంగ్ వేయ్‌యీ యను ఆస్థానవైద్యుని పర్యవేక్షణమున నిలువెత్తు కంచువిగ్రహములు రెండు పోతపోయబడినవి. అవి దేవతామూర్తులును కావు, జయించిన సేనానుల ప్రతిమలును కావు. లోపల బోలుగా నుండి, సూది గ్రుచ్చదగిన తావులన్నింటను సన్నని రంధ్రములు కలిగి, ఆ తావుల పేర్లు మేనిమీదనే చెక్కబడిన మానవదేహపు నమూనాలు. విద్యార్థిని పరీక్షించు దినమున విగ్రహమునకు మైనము పూసి, లోపల నీరు నింపి, ఫలానా తావు చూపుమని గురువు అడిగెడివాడని చెప్పుదురు. గుఱి కుదిరినచో సూది దిగినచోట నీరు చిమ్మును. తప్పినచో మైనము క్రింది కంచునకు మొన తగిలి సూది నిలిచిపోవును. పరీక్షకుని పక్షపాతమునకు గాని విద్యార్థి వాచాలతకు గాని తావీయని యిట్టి పరీక్ష నేటి కళాశాలలలోనైనను అరుదేయని నా యభిప్రాయము.

ఇంతటి నియమముతో బోధింపబడిన యా విద్యయే నేడు ఆక్యుపంక్చర్ అను పేర బీజింగు మొదలు బెర్లిను వఱకును ఆసుపత్రులలో ప్రవేశించి, మన పట్టణములలోని వీధిబోర్డులమీదికిని ఎక్కినది. నడుమునొప్పితోనో మోకాళ్లనొప్పితోనో ఏండ్లతరబడి బాధపడుచు, మాత్రలు మ్రింగి మ్రింగి విసిగిన మనుష్యునికి ఎవరో యొకరు దీనిని గుఱించి చెప్పక మానరు. అప్పుడాతని మనస్సున పుట్టు ప్రశ్నలు మిక్కిలి సామాన్యమైనవి. సూదులెన్ని గ్రుచ్చుదురు? ఎంత లోతునకు దింపుదురు? నొప్పి యెంత? ఎన్నిమాఱులు పోవలెను? గుణము కనబడునా, లేక సొమ్ము పోవుటయేనా? ఈ వైద్యము పుట్టిన చీనాదేశపు ఆసుపత్రులలో జరుగు పద్ధతిని ముందుంచుకొని, ఆధునిక పరిశోధనము తేల్చినంతమేర, వీనికి సమాధానము చెప్పుటకు ప్రయత్నింతును.

ఈ వైద్యము అయిదువేల యేండ్లనాటిదని ప్రకటనపత్రములలో తఱచు చదువుచుందుము. దొరకిన యాధారములు అంత దూరము పోవు. హునాన్ రాష్ట్రమున ఛాంగ్‌షా నగరముచెంత మావాంగ్‌దుయ్ అను చోట, క్రీ. పూ. 168లో మూయబడిన యొక సమాధిని 1973లో త్రవ్వగా, పట్టుగుడ్డలపై వ్రాసిన వైద్యగ్రంథములు బయల్పడినవి. దేహమందలి మార్గములు పదునొకండు వానిలో వర్ణింపబడినవి; ఆ మార్గములపై మూలికను కాల్చి వేడి తగిలించు చికిత్సయు చెప్పబడినది; సూదిమాట మాత్రము లేదు. క్రీ. పూ. 113లో మరణించిన లియూషెంగ్ అను హాన్ వంశపు రాజకుమారుని సమాధిని హెబేయ్ రాష్ట్రపు మాన్‌చెంగ్ నందు 1968లో త్రవ్వినప్పుడు బంగారుసూదులును వెండిసూదులును దొరకినవి. ఇంచుమించుగా ఆ హాన్ వంశపు కాలముననే సంకలితమైన 'హువాంగ్‌దీ నేయ్‌జింగ్' అను గ్రంథము, మన పురాణములవలె సంవాదరూపమున, పీతచక్రవర్తి యడుగగా చీబో యను వైద్యుడు చెప్పినట్లు నడచును. సూదులయందు తొమ్మిది భేదములను, వానిని వాడు తీరును వివరించిన మూలగ్రంథమిదియే. కావున రమారమి రెండువేల యేండ్ల చరిత్ర యనుట సత్యమునకు దగ్గఱగా నుండును. అదియు సామాన్యమైన వయస్సు కాదు.

ఆ ప్రాచీనుల భావనలో దేహమంతటను 'చీ' యను ప్రాణశక్తి ఎడతెగక ప్రవహించుచుండును. ఊపిరితిత్తులు, గుండె, కాలేయము, మూత్రపిండములు మొదలగు అవయవములతో ముడివడిన పండ్రెండు మార్గములును, వెన్ను నడుమ నొకటియు, ఉదరము నడుమ నొకటియు దానికి ప్రవాహపథములు. తమ దేశమందలి పండ్రెండు నదులతో ఈ పండ్రెండు మార్గములను వారే పోల్చి చెప్పిరి. కాలువకు అడ్డుపడినప్పుడు ఎగువ చేను మునుగుటయు దిగువ చేను ఎండుటయు గోదావరి డెల్టా రైతునకు ఒకరు చెప్పనక్కఱలేదు. దేహమందును 'చీ' నిలిచినచోట నొప్పియు, చాలనిచోట నీరసమును కలుగుననియు, మార్గమందలి తగిన తావున సూదిమొన తగిలించి ప్రవాహమును సరిచేయవచ్చుననియు వారి సిద్ధాంతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో ప్రకటించిన ప్రామాణిక నామావళిలో ఇట్టి తావులు 361 గలవు. శవచ్ఛేదము చేసి చూచిన వారికి గాని, సూక్ష్మదర్శినులతో వెదకిన వారికి గాని ఈ మార్గములు నేటివఱకును కనబడలేదు. మన యోగశాస్త్రములోని ఇడాపింగళాసుషుమ్నలను ఏ దృష్టితో చూతుమో ఆ దృష్టితోనే వీనిని చూచుట న్యాయమని నాకు తోచుచున్నది. ఒక జాతి తన దేహమును గుఱించి చేసిన గంభీరమైన ఆలోచనమిది. శరీరశాస్త్రపు పటము కాదు.

ఈ విద్య తన దేశమందే నిత్యగౌరవము పొందలేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి సూదివైద్యశాఖను రాజవైద్యశాలనుండి తొలగించెను. 1929లో జాతీయప్రభుత్వపు ఆరోగ్యసంఘము ప్రాచీనవైద్యమునంతను తుదముట్టింపనెంచగా, దేశము నలుమూలలనుండి వైద్యులు షాంఘైలో సమావేశమై ఎదిరించిరి. ఆ గడ్డుకాలమున ఛెంగ్ దాన్‌ఆన్ అను వైద్యుడు సూదితావుల పటములను శరీరశాస్త్రముననుసరించి తిరిగి వ్రాసి, రక్తనాళములను తప్పించి, మోటుసూదులకు బదులు సన్నని సూదులను ప్రచారమునకు తెచ్చెను. కమ్యూనిస్టు ప్రభుత్వము 1956లో బీజింగ్, షాంఘై, గువాంగ్‌జౌ, ఛెంగ్‌దూ నగరములలో ప్రాచీనవైద్య కళాశాలలు నెలకొల్పెను. నేడు సనాతనమని మనకు చూపబడు చికిత్సలో సగపాలు ఇరువదవ శతాబ్దపు సంస్కరణమేయని చెప్పినను తప్పులేదు. రోగికి అది మేలే చేసినది.

ఇక చికిత్స. చీనాదేశపు ఏ పెద్దనగరమునకు పోయినను ప్రాచీనవైద్యమునకు ప్రత్యేకమైన ఆసుపత్రి యొకటి యుండును. అందు మూలికలవిభాగము, ఎముకలవిభాగము మొదలగు వానితోపాటు సూదివైద్యవిభాగమును ఉండును. క్రింద కిటికీవద్ద రుసుము చెల్లించి చీటీ తీసికొన్న రోగి పైకి పోవునప్పటికి, ఏకాంతమును ఉపశాంతిని కోరిపోయినవాడైనచో, కొంత నిరాశ చెందక తప్పదు. ఏలయన ఒకే పెద్దగదిలో వరుసగా మంచములు, నడుమ తెరలు, ఒకరి దగ్గునకు మఱొకరి మూలుగు, ఒక మంచమునుండి మఱొక మంచమునకు తిరుగు వైద్యుడు, అన్నింటిపైని కాలుచున్న మూలిక పొగవాసన. అచ్చట ఎం.బి.బి.ఎస్. చదువబోయిన మన తెలుగు విద్యార్థులలో పలువురకు ఈ వాసన పరిచితమే. కొన్ని విశ్వవిద్యాలయములలో చీనావైద్యపరిచయము వారికి పాఠ్యాంశముగా నున్నది. మెత్తని దీపకాంతియు సన్నని సంగీతమును పాశ్చాత్యదేశములలో చేర్చిన అలంకారములు.

చీనావైద్యుడు సూది చేతబట్టుటకు ముందు నాలుగు విధముల పరీక్ష చేయును: చూచుట, వినుట, అడుగుట, తాకుట. దేహపు వాసనను పసిగట్టుటయు రెండవదానిలోనే చేరును. నడుమునొప్పి అని పోయినవానిని నడుమును గుఱించియే కాక నిద్ర, ఆకలి, దాహము, మలమూత్రములు, చెమట, చలికి ఓర్చుకొను శక్తి, కోపతాపములు, స్త్రీయైనచో ఋతుక్రమము, ఇవియన్నియు అడుగును. నొప్పి చలికి హెచ్చునా, వేడికి తగ్గునా. నొక్కినచో హాయిగా నుండునా, తాకనీయదా. ఉదయమున నెక్కువయా, రాత్రియందా? ఈ యుత్తరములనుబట్టి ఒకే నడుమునొప్పిని శీతము చొరబడినదనియు, రక్తము గడ్డకట్టి నిలిచినదనియు, మూత్రపిండములశక్తి సన్నగిల్లినదనియు వేర్వేఱుగా నిర్ణయించి, వేర్వేఱు తావులను ఎన్నుకొనును. అందుచేతనే ఒకే గదిలో ఒకే బాధతో పరుండిన యిద్దఱకు సూదులు ఒకేచోట ఉండకపోవచ్చును. పరస్పరము చూచుకొని కలవరపడనక్కఱలేదు.

పిమ్మట నాడి. మణికట్టువద్ద మూడువ్రేళ్లు ఆనించి, ఒక్కొక్క వ్రేలిక్రింద మొదట పైపైనను తరువాత అదిమియు, రెండుచేతుల నాడిని చూచును. గుండె నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనుచున్నదనుట ఈ పరీక్షలో అల్పాంశము. నాడి తేలుచున్నదా మునిగియున్నదా, వీణతీగవలె బిగిసియున్నదా, జారుచున్నదా, సన్నబడినదా యనునది ముఖ్యము. క్రీ. శ. 1564లో లీ షీజెన్ వ్రాసిన నాడీగ్రంథమున ఇట్టి భేదములు 27 చెప్పబడినవి. మూడువ్రేళ్లతో వాతపిత్తకఫములను గుర్తించు నాడీవైద్యులను చూచిన తెలుగువానికి, బసవరాజీయము పేరు విని పెరిగినవానికి, ఈ దృశ్యము కొత్తగా తోచదు. సిద్ధాంతములు వేఱైనను, వైద్యుడు రోగి చేతిని తన చేతిలోనికి తీసికొని కొంతసేపు మాటాడక కూర్చుండుట రెండుచోట్లను ఒకటే. ఆ కొంతసేపటి విలువను నేటి అయిదునిమిషముల వైద్యము మఱచిపోయినది.

నాలుకను గుఱించి మనవారికి ప్రత్యేకముగా నొక మాట చెప్పవలెను. చీనావైద్యుడు నాలుక రంగును, ఆకారమును, అంచులందలి పంటిగుర్తులను, పైనున్న పాచిని మిక్కిలి శ్రద్ధతో పరిశీలించును. పాచి తెల్లగా నున్నదా, పచ్చబడినదా, దళసరియా, పలుచనా యనుటపై అతని నిర్ణయము చాలవఱకు ఆధారపడియుండును. మనవారో ప్రాతఃకాలముననే నాలుకబద్దతో ఆ పాచిని సమూలముగా గీసివేసికొని, పైన కాఫీ త్రాగి, తాంబూలమునుకూడ వేసికొని పోదురు. ఆ యొక్క దినమున నాలుక గీసికొనక, రంగుపట్టు పదార్థములు తినక పోవుట మంచిది.

సూదిని చూచి భయపడువారు అనేకులు. ఆ భయము ఇంజక్షన్ సూదిని తలచుకొనుటవలన కలుగునది. మందు పోవుటకు దానిలో రంధ్రము కావలెను గనుక ఇంజక్షన్ సూది లావుగా నుండును. ఈ సూది ఘనమైన ఉక్కుతీగ. మందమున సాధారణముగా మిల్లీమీటరులో నాల్గవవంతు. రంధ్రము లేదు, మందును లేదు. పొడవు తావునుబట్టి మాఱును. చెవివద్ద, వ్రేళ్లవద్ద పొట్టివి, పిరుదులవంటి కండగల చోట్ల పొడుగువి. తావును కొలుచుటకు రోగి దేహమే కొలబద్ద: ఆతని బొటనవ్రేలి వెడల్పు ఒక అంగుళము, నాలుగువ్రేళ్లు చేర్చిన వెడల్పు మూడంగుళములు. చీనావారి ఈ అంగుళము మనిషి మనిషికిని మాఱుచుండును గనుక, ఆజానుబాహువునకును పసిబిడ్డకును ఒకే లెక్క సరిపోవును. మోకాటిచిప్ప క్రింది వెలుపలి గుంటకు మూడంగుళములు దిగువను, ముంగాలియెముకకు వ్రేలెడు దూరమునను ఉండు తావు 'జూసాన్‌లీ'. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ కండయందుండునది 'హెగూ'. మణికట్టు ముడుతకు రెండంగుళములు పైన, రెండు నరములవంటి తంతువులనడుమ నుండునది 'నేయ్‌గువాన్'. నడుమునొప్పికి నడుమునందే కాక మోకాటివెనుక గుంటలోని 'వేయ్‌జోంగ్' అను తావునను గ్రుచ్చుట వారి సంప్రదాయము. నొప్పి యొకచోట, సూది యొకచోట నున్నదని ఆశ్చర్యపడవలదు.

చర్మమును స్పిరిటుతో తుడిచి సూదిని చటుక్కున దింపుదురు. పై చర్మము దాటునప్పుడు చీమ కుట్టినంత చుఱుక్కుమనును. ఒక్కొక్కప్పుడు అదియు తెలియదు. కొందఱు వైద్యులు సన్నని గొట్టములో సూదినుంచి పైనుండి వ్రేలితో తట్టుదురు. పదునేడవ శతాబ్దమున జపానుదేశమున సుగియామా వాయిచీ యను అంధవైద్యుడు ప్రచారము చేసిన ఈ యుపాయమువలన నొప్పి యింకను తగ్గును. అసలు అనుభవము తరువాత నున్నది. తావునుబట్టి కొన్ని మిల్లీమీటర్లు మొదలు రెండుమూడు సెంటీమీటర్ల వఱకు దింపిన సూదిని వైద్యుడు వ్రేళ్లనడుమ త్రిప్పుచు, కొంచెము పైకెత్తి మరల దింపుచు, రోగి ముఖమును చూచుచుండును. అప్పుడు సూదిచుట్టును ఒక విధమైన లాగు, బరువు, తిమ్మిరి, ఉబ్బినట్టి భావము కలిగి, ఒక్కొక్కప్పుడు కాలివెంట క్రిందికో చేతివెంట పైకో ప్రాకును. చీనావారు దీనిని 'దచీ' యందురు. ఇది కలిగినప్పుడే చికిత్స పట్టినదని వారి నమ్మకము. అందుచే చీనావైద్యుడు "వచ్చినదా?" యని యడిగినచో, బాధ కలిగినదా యని కాదు, ఈ భావము కలిగినదా యని గ్రహింపవలెను. పదునైన పోటుగాని, విద్యుత్తు కొట్టినట్టి జిల్లుగాని కలిగినచో ఓర్చుకొని యూరకుండక వెంటనే చెప్పవలెను. సూది నరమునకు తగిలియుండవచ్చును.

సూదులు అయిదాఱు మొదలు పదునైదు ఇరువది వఱకు ఉండవచ్చును. వానిని ఇరువది ముప్పది నిమిషములు అట్లే యుంచుదురు. ఆ సమయమున కదలక పరుండవలెను; చాలమందికి నిద్ర పట్టును. కొన్నిచోట్ల సూదుల పిడులకు తీగలు తగిలించి స్వల్పవిద్యుత్తును పంపుదురు. కండ లయగా అదరుచుండును. పొగవాసన యని పైన చెప్పినది మోక్సా యను మూలికది. దాని ఆకులను ఎండించి నలిపి దూదివలె చేసి, చుట్టగా చుట్టి నిప్పంటించి, చర్మమునకు తగులకుండ దగ్గఱగా పట్టియుంచుదురు. లేక సూదిపిడికే గ్రుచ్చి కాల్తురు. వినాయకచవితినాడు మనము స్వామికి మొట్టమొదట సమర్పించు మాచీపత్రమును ఈ మూలికయు ఒకే జాతివి; అచ్చట అది రోగికి, ఇచ్చట అది దేవునికి. సుశ్రుతుడు అగ్నికర్మమును, కొమ్ముతో రక్తమును లాగు శృంగప్రయోగమును చెప్పియున్నాడు గనుక, ఈ మోక్సాయు, గాజుబుడ్డిలో నిప్పు చూపి వీపున అంటించు చికిత్సయు మనకు కేవలము పరాయివి కావు. బుడ్డీలంటించినచోట గుండ్రని నల్లమచ్చలు ఏర్పడి వారముదినము లుండును; 2016 రియో ఒలింపిక్ క్రీడలలో ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ భుజములపై ప్రపంచము చూచినవి ఆ మచ్చలే. పెండ్లికి పోవలసిన వారము దానికి ఒప్పుకొనకుండుట యుక్తము.

సూదులు తీయునప్పుడు నొప్పి యుండదు. ఒక్కొక్కచోట రక్తపుబొట్టు కనబడును, దూదితో అదిమిన నిలిచిపోవును. లేచిన వెంటనే కొందఱికి తేలికగాను, కొందఱికి మత్తుగాను ఉండును. ఆ దినమున నొప్పి కొంచెము హెచ్చుటయు కలదు. చలిగాలి, చన్నీళ్లు తగులనీయవద్దని వైద్యుడు చెప్పును. ఒక్కదినమున అద్భుతము జరుగునని పోవువారు మోసపోవుదురు. చీనాదేశమున దినమువిడిచి దినమో, ప్రతిదినమో, పది పర్యాయములను ఒక ఆవృత్తిగా నెంచి చేయుదురు. పాశ్చాత్యదేశములలో వారమున కొకటి రెండు మాఱులు. గుణము కనబడునెడల తొలుత ఒకటి రెండు దినములుండి, క్రమముగా ఎక్కువదినములు నిలుచును.

గుణము నిజమా, మనోభ్రమయా? ఈ ప్రశ్న పాశ్చాత్యులకు గట్టిగా తట్టినది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పత్రికాప్రముఖుడు జేమ్స్ రెస్టన్ బీజింగునందుండగా ఆంత్రపుచ్ఛమునకు శస్త్రచికిత్స జరిగెను. సూదులే మత్తుమందుగా ఆతని కడుపు కోసిరని నేటికిని చెప్పుకొందురు. అది నిజము కాదు. శస్త్రచికిత్స మామూలు మత్తుసూదితోనే జరిగినది. తరువాత కడుపుబ్బి బాధపడుచుండగా మోచేతివద్దను మోకాళ్ల క్రిందను మూడు సూదులు గ్రుచ్చి, మూలిక కాల్చి ఉపశమింపజేసిరి. ఆ సంగతి ఆతడే వ్రాయగా, మఱుసటియేడు అధ్యక్షుడు నిక్సన్ చీనాయాత్రతో ఈ వైద్యముపై అమెరికావారికి వ్యామోహము పెరిగినది. ఆ దశాబ్దముననే బీజింగునందు హాన్ జీషెంగ్ మొదలగు శాస్త్రజ్ఞులు సూదిపోటువలన మెదడులో నల్లమందునుబోలు సహజద్రవ్యములు ఊరునని ప్రయోగములతో చూపిరి. ఆ ద్రవ్యముల పనిని అడ్డగించు నలోక్సోన్ అను మందు నిచ్చినప్పుడు సూదివలని ఉపశమనము తగ్గిపోవుటయు వెల్లడియైనది. కనుక సూదికి శరీరమందు ఏ ఫలితమును లేదనుట తగదు.

అయితే జర్మనీవారు చేసిన పరీక్ష యొకటి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. దీర్ఘకాలపు నడుమునొప్పి గల 1162 మందిని మూడు పాళ్లుగా చేసి, ఒక పాలునకు శాస్త్రోక్తమైన తావులలో సూదులును, రెండవ పాలునకు శాస్త్రమున లేని తావులలో పైపైని సూదులును, మూడవ పాలునకు మందులు వ్యాయామములతో మామూలు చికిత్సయు చేసిరి. ఆఱు నెలలకు చూడగా మొదటివారిలో నూటికి 47.6, రెండవవారిలో 44.2, మూడవవారిలో 27.4 మందికి గుణము కనబడినది. 2007లో ప్రకటితమైన ఈ ఫలితమును చదివినప్పుడు వాంగ్ వేయ్‌యీ కంచువిగ్రహము గుర్తుకు రాక మానదు. గుఱి తప్పిన విద్యార్థియు ఇచ్చట ఇంచుమించుగా ఉత్తీర్ణుడైనాడు! పిమ్మట 2012లో రమారమి పదునెనిమిదివేలమంది రోగుల వివరములను చేర్చి లెక్కించినవారు, సరియైన సూదికి కపటసూదికంటె కొంత మేలు నిజముగనే కలదుగాని ఆ భేదము స్వల్పమని తేల్చిరి. ఈ రెంటినిబట్టి నాకు తోచునది యిది: మార్గముల లెక్కయందు కంటె, మేనికి తగిలిన పోటునందును, అరగంట విశ్రాంతియందును, తన బాధను ఒకడు కడవఱకు వినెనను తృప్తియందును ఈ వైద్యపు బలము ఎక్కువగా నున్నది. అట్లని బలము అసత్యము కాదు. నొప్పి తగ్గినవానికి నొప్పి తగ్గినది.

ఏ బాధలకు ఆశింపవచ్చును? దీర్ఘకాలపు నడుమునొప్పి, మెడనొప్పి, మోకాటియరుగుదల, పార్శ్వపునొప్పి, శస్త్రచికిత్స తరువాతను క్యాన్సరుమందుల తరువాతను కలుగు వాంతులు. వీనికి ఆధారములు కొంత బలముగా నున్నవి. వాంతుల విషయమును అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు 1997లోనే అంగీకరించినవి. జర్మనీ ఆరోగ్యబీమా నడుమునొప్పికి, మోకాటియరుగుదలకు దీనిని ఒప్పుకొన్నది. బ్రిటనులో 2016లో నడుమునొప్పికి దీనిని వలదన్న సంఘమే 2021లో వేఱొక విధమైన దీర్ఘబాధకు ఆలోచింపవచ్చునన్నది. పండితులలోనే యింత సందేహమున్నదని దీనివలన తెలియును. చక్కెరవ్యాధిని కుదుర్చుదుమని, క్యాన్సరును కరిగింతుమని, మందులన్నియు మానుమని చెప్పువాని గడప దిగివచ్చుటయే క్షేమము.

మన దేశమునకు ఈ విద్య వచ్చిన త్రోవయు చెప్పదగినది. 1938లో జపానుతో పోరాడుచున్న చీనాకు సాయముగా కాంగ్రెసువారు అయిదుగురు వైద్యులను పంపిరి. వారిలో కొట్నిస్ అచ్చటనే 1942లో అసువులు బాసి, శాంతారాం చలనచిత్రమువలన దేశమంతటికి ఎఱుకపడినాడు. సహచరుడైన బిజయ్ కుమార్ బసు తిరిగివచ్చి, 1950ల చివర మరల చీనాకు పోయి సూదివైద్యము నేర్చి, కలకత్తాలో దానిని ప్రారంభించెను. 1996లో పశ్చిమబెంగాలు దీనికొఱకు చట్టము చేసినది. 2019లో కేంద్రప్రభుత్వము దీనిని స్వతంత్ర చికిత్సాపద్ధతిగా గుర్తించినది.

అపాయములు అరుదుగాని లేకపోలేదు. ఒకరికి వాడిన సూదిని మఱొకరికి వాడినచో కామెర్లను కలిగించు హెపటైటిస్-బి సోకవచ్చును. మూసియున్న పొట్లమును మీయెదుటనే చింపి తీయుమని నిస్సంకోచముగా నడుగుడు. ఱొమ్మునందును భుజముల మీదను సూది లోతుగా దిగినచో ఊపిరితిత్తిపొర చిల్లిపడి, గంటల తరువాత ఆయాసము పుట్టవచ్చును. అట్లయినచో తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి పోవలెను. జర్మనీలో రమారమి 98 వేలమంది రోగులను గమనించినప్పుడు ఇట్టివి రెండే జరిగినవి. ఉపవాసముతో పోయినవారికి, మిక్కిలి భయపడినవారికి సూది దిగగానే చెమటపట్టి కండ్లు తిరుగుట కలదు. వైద్యుడు సూదులు తీసివేసి తల దించి పడుకొనబెట్టును. స్వల్పముగా భుజించి పోయినచో చాలవఱకు ఇది యుండదు. గర్భిణీస్త్రీలు, రక్తము పలుచబఱచు మందులు వాడువారు, గుండెలో పేస్‌మేకరు గలవారు ఆ సంగతి మొదటనే చెప్పవలెను. హెగూ మొదలగు కొన్ని తావులను గర్భవతులయందు చీనావైద్యులే విడిచిపెట్టుదురు, పేస్‌మేకరు గలవారికి విద్యుత్తు పనికిరాదు.

పోవుటకు ముందే బాధకు కారణమేమో డాక్టరుచేత నిర్ణయింపజేసికొనుడు. నడుమునొప్పితోపాటు జ్వరముగాని, కారణములేని చిక్కుదలగాని, కాలు చచ్చువడుటగాని, మూత్రముపై వశము తప్పుటగాని యున్నచో అది సూదులకు లొంగునది కాదు. ఆలస్యము ప్రాణముమీదికి వచ్చును. ఎన్నిమాఱులు పోయిన తరువాత గుణము తెలియవలెనో మొదటి దినముననే వైద్యుని అడిగి ఒప్పుదల చేసికొనుడు. అమెరికాలోని వృద్ధుల ప్రభుత్వబీమా 2020 జనవరినుండి దీర్ఘకాలపు నడుమునొప్పికి తొంబది దినములలో 12 పర్యాయముల వఱకు వెచ్చమిచ్చుచు, మేలు కనబడినచో మఱి యెనిమిదింటికి ఒప్పుకొనుచు, కనబడనిచో చికిత్సను నిలిపివేయవలెనని నియమించినది. మన సొంత సొమ్ముతో పోవు మనమును ఆ నియమమునే పాటింపవచ్చును.